తల్లి లేని పిల్లికూనలో మలబద్ధకం – నివారణ, సంరక్షణ

కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో పిల్లులు తరచుగా గడ్డివాములలో, ధాన్యపు గోదాములలో, పశువుల కొట్టాలలో పిల్లలు పెడతాయి. వామి కదిపినపుడో, గోదాము ఖాళీ చేసినపుడో తల్లి దూరమై కూనలు దిక్కులేనివవుతాయి. వాటిని చేరదీసినవారు పాలు పట్టడంపై చూపే శ్రద్ధ మలవిసర్జనపై చూపరు. పొట్ట ఉబ్బి, కూన పాలు మానిన తరువాతనే సమస్య బయటపడుతుంది.

కారణాలు

పుట్టిన మొదటి మూడు వారాలు కూన తనంతట తాను మలమూత్రాలు విసర్జించలేదు. తల్లి నాలుకతో నాకినపుడు కలిగే స్పర్శ వలననే విసర్జన జరుగుతుంది. తల్లి లేనపుడు ఆ పని పెంచేవారే చేయాలి.

రెండవ కారణం నీటి కొరత. పిల్లుల పూర్వీకులు పొడినేలల అడవిపిల్లులు కావడం వలన వీటికి దాహం తక్కువ. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఈ ప్రాంతంలో కూన శరీరం త్వరగా నీటిని కోల్పోతుంది. అపుడు పెద్దపేగు మలంలోని నీటిని మరింతగా పీల్చుకోవడంతో మలం గట్టిపడుతుంది. చిగుళ్లు ఎండి జిగటగా ఉండడం, మూత్రం ముదురు పసుపు రంగులో రావడం నీటి కొరతకు గుర్తులు.

ఆవు పాలు సరిపడక విరేచనాలైన కూనలలో ఆ మలమే వెంట్రుకలకు అంటుకొని, ఎండి, మలద్వారాన్ని మూసివేయవచ్చు. నులిపురుగులు ఎక్కువగా ఉన్నా, పుట్టుకతోనే మలద్వారం లేకపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. కనుక ముందుగా తోక కింద పరిశీలించాలి.

చేయవలసినవి

• చల్లబడిన కూనలో జీర్ణక్రియ మందగిస్తుంది. ముందు గుడ్డలో చుట్టి మెల్లగా వెచ్చబరచి, తరువాతనే పాలు పట్టాలి.
• పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో మలద్వారాన్ని, దాని చుట్టుపక్కలను ఒక నిమిషం పాటు సుతారంగా రుద్దాలి. అంటుకున్న మలాన్ని లాగకుండా, నానబెట్టి తుడవాలి.
• పిల్లికూనల కోసం తయారైన పాలపొడినే, సూచించిన కొలతలో నీరు పోసి కలపాలి. చిక్కగా కలిపితే మలబద్ధకం పెరుగుతుంది. కూనను బోర్లా ఉంచి పట్టాలి. వెల్లకిలా పడితే పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి.
• నాలుగు వారాలు దాటి మెత్తని ఆహారం తినే కూనకు ఆహారంలో నీరు కలపాలి. ఉప్పు లేకుండా ఉడికించిన గుమ్మడి గుజ్జు అర చెంచా చేర్చవచ్చు.

చేయకూడనివి

పసిపిల్లలకు చేసినట్లు ఆముదం పట్టడం, సబ్బు ముక్క లేదా తమలపాకు తొడిమ పెట్టడం కూనకు హాని చేస్తాయి. నూనె ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. మనుషులకు వాడే సోడియం ఫాస్ఫేటు ఎనిమా పిల్లులకు విషతుల్యం. పొట్టను గట్టిగా నొక్కరాదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

దూదితో రుద్దినా ఒక రోజంతా మలం రాక పొట్ట ఉబ్బినా, వాంతులైనా, పాలు మానినా ఆలస్యం చేయరాదు. ముక్కుతూ మూత్రం కూడా రాకపోతే అది మూత్రం బిగుసుకోవడం కావచ్చు. వెంటనే చికిత్స అవసరం. సమీప పశువైద్యశాలకు గాని, ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాలకు గాని తీసుకువెళ్లాలి. శరీరానికి నీరు ఎక్కించడం, మలాన్ని మెత్తబరచే మందు, నులిపురుగుల మందు కూన బరువును బట్టి వైద్యుడే నిర్ణయిస్తారు. చేరదీసిన నాటి నుండి రోజూ బరువు, పట్టిన పాలు, మలమూత్రాల వివరాలు రాసి ఉంచితే వైద్యునికి కారణం త్వరగా తెలుస్తుంది.

కూన కరచినా, గీరినా గాయాన్ని సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం వైద్యుని సంప్రదించాలి.