అరకులోయకు విజ్ఞానయాత్ర

గ్రామపంచాయతీ సభ్యులు తమ పొలిమేర దాటి ఇతర ప్రాంతములను చూచివచ్చుట వినోదము కొరకు మాత్రమే కాదు. ఇతరులు తమ నీటిని, నేలను, అడవిని ఏ విధముగా కాపాడుకొనుచున్నారో, వారికి కలుగు చిక్కులెట్టివో కన్నులార చూచినగాని తెలియదు. అట్టి యాత్రకు తగిన స్థలములలో అరకులోయ ఒకటి. అచ్చటి అందమును గురించి చెప్పువారు పెక్కుమంది గలరు. ఆ అందము వెనుకనున్న సంగతులను, ముఖ్యముగా పంచాయతీ బాధ్యత వహించువారు గమనింపదగిన విషయములను ఇచ్చట వివరింపదలచితిమి.

లోయ స్వరూపము

అరకులోయ తూర్పు కనుమలలో, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. విశాఖపట్నము నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా రోడ్డుమార్గమున సుమారు 115 కిలోమీటర్లు. సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నుండుటచే వేసవియందును మైదానమునందలి వేడిమి అచ్చట నుండదు. ప్రతి 1000 మీటర్ల ఎత్తునకు వేడిమి సుమారు 6 డిగ్రీలు తగ్గుట ప్రకృతి నియమము. శీతకాలపు రాత్రులందు కొండవాలులపై చల్లబడిన గాలి బరువెక్కి లోయ అడుగునకు దిగును. తెల్లవారుజామున లోయను కప్పివేయు పొగమంచునకు కారణమిదియే. వర్షములు వెనుకబట్టిన పిదప మెట్టచేలలో వలిసెలు పూచి, కొండవాలులు పసుపు ఆరబోసినట్లు కనిపించును. చూచువారికి అది వేడుక. పండించు రైతునకు అది నూనెగింజల పంట.

రైలుమార్గమున పోవువారు కొత్తవలస నుండి కిరండూల్ వరకు గల మార్గమును చూడగలరు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానునకు ఎగుమతి చేయుటకై 1960ల దశకమున ఈ మార్గమును నిర్మించిరి. కొండలను తొలిచిన సొరంగములు, లోయలపై కట్టిన వంతెనలు అడుగడుగునను కనిపించును. 2017లో అద్దాల పైకప్పు గల పెట్టెను ఈ రైలునకు జతపరచిన పిదప సందర్శకుల రాక మరింత హెచ్చినది.

బొర్రా గుహలు

అనంతగిరి ప్రాంతమునందలి బొర్రా గుహలు సున్నపురాతి గుహలు. వర్షపునీరు గాలియందును, మట్టియందును గల బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొద్దిగా ఆమ్లగుణము పొందును. అట్టి నీరు సున్నపురాతిని మెల్లమెల్లగా కరగించి గుహలను ఏర్పరచును. పైకప్పునుండి కారు ప్రతి బొట్టును అణుమాత్రము సున్నమును విడిచిపోవుటచే పైనుండి వ్రేలాడు ఊడలు, క్రిందనుండి లేచు స్తంభములు పెరుగుచుండును. ఇవి వేల ఏండ్లకు గాని ఆకారము దాల్చవు. చేతితో తాకినచో చర్మమునందలి జిడ్డు అంటుకొని పెరుగుదల చెడును. కావున పిల్లలకు చూపవలెనే గాని తాకనీయరాదు.

ఈ గుహలను తొలిచిన గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టి, తాటిపూడి జలాశయము మీదుగా సాగి, భీమునిపట్నము వద్ద సముద్రమున కలియును. తాటిపూడి నీరు విశాఖపట్నము నగరమునకు త్రాగునీరుగా పోవుచున్నది. కొండమీది గ్రామము తన ఊటను కాపాడుకొనిన, క్రింది నగరపు కుండ నిండును. కొండమీద పారవేసిన చెత్త వానకు కొట్టుకొనిపోయి అదే నీటిలో కలియును. ఎగువ దిగువ గ్రామముల సంబంధమును తెలియజేయుటకు ఇంతకంటె స్పష్టమగు ఉదాహరణము లేదు.

కాఫీ తోటలు, సంత

ఈ కొండలలో గిరిజన రైతులు నీడచెట్ల క్రింద కాఫీ పండించుచున్నారు. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగెలను పాకించి, ఒకే నేలనుండి రెండు పంటలు తీయుచున్నారు. అడవిని నరికి కాల్చి చేయు పోడు సాగునకు మారుగా, చెట్టును నిలిపి ఆదాయము పొందు మార్గమిది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా, ఆ ప్రాంతమున పండని కాఫీని ఆ పేరుతో అమ్మరాదు. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ కాఫీని, తేనె మొదలగు అటవీ ఫలసాయమును గిరిజనులనుండి కొనుచున్నది.

వారపు సంతను తప్పక చూడవలెను. పసుపు, చింతపండు, కొండచీపుళ్లు, చోళ్లు, సామలు అచ్చటికి వచ్చును. మధ్యవర్తి లేక పండించినవాని వద్దనే కొనుట యాత్రికుడు ఆ లోయకు చేయగల తొలి మేలు. అయితే ధరను మరీ బిగించి బేరమాడుట తగదు. ఆ మోపును ఎన్ని మైళ్లు నెత్తిపై మోసి తెచ్చిరో తలచుకొనవలెను.

భూమి ఎవరిది?

సందర్శకులు పెరిగినకొలది వసతిగృహములకు స్థలము కావలసివచ్చును. స్థలమునకు ధర పెరుగును. ఈ ఒత్తిడికి ఎదురుగా నిలిచినవి చట్టములే. షెడ్యూలు ప్రాంతముల భూ బదలాయింపు నిబంధనలు 1959లో వెలువడినవి. వీనిని సవరించిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషనును జనులు ‘1/70’ అని వ్యవహరింతురు. దీని ప్రకారము షెడ్యూలు ప్రాంతమునందలి స్థిరాస్తిని గిరిజనేతరులకు బదలాయించుట చెల్లదు. బొర్రా పరిసర గ్రామములలో గనుల కౌళ్లను గురించి వచ్చిన ‘సమత’ వ్యాజ్యమున, షెడ్యూలు ప్రాంతమునందలి ప్రభుత్వ భూమిని సయితము గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కొరకు కౌలుకిచ్చుట చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

షెడ్యూలు ప్రాంతములకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 చట్టము గ్రామసభకు విశేష స్థానమిచ్చినది. భూసేకరణకు ముందు గ్రామసభను గాని తగు స్థాయి పంచాయతీని గాని సంప్రదింపవలెను. అన్యాక్రాంతమగు భూమిని అరికట్టుటకు, పోయినదానిని తిరిగి రాబట్టుటకు తగు అధికారమును అవి కలిగియుండునట్లు రాష్ట్రము చూడవలెను. చట్టము కాగితముపై నున్నంత మాత్రమున రక్షణ కలుగదు. సభ జరిగి, విషయమును చదివి వినిపించి, ప్రజలు మాటాడి, తీర్మానము పుస్తకమున కెక్కిననాడే దానికి ప్రాణము. ఈ మాట మైదానపు పంచాయతీలకును వర్తించును.

యాత్రికులు విడిచిపోవునవి

ఒక చిన్న లెక్క చూతము. ఒక బస్సులో 50 మంది వచ్చి, తలకు రెండు నీటిసీసాల చొప్పున పారవేసినచో 100 సీసాలగును. అట్టి బస్సులు దినమునకు 20 వచ్చినచో రెండువేలు. ఇది ఒక్కదినపు చెత్త. వచ్చినవారు సాయంకాలమునకు వెళ్లిపోదురు; ఊడ్చువారు ఆ గ్రామపంచాయతీ పారిశుద్ధ్య కార్మికులే. పలుచని ప్లాస్టిక్ కప్పులు, పళ్లెములు, గొట్టములు మొదలగు కొన్ని ఒక్కసారి వాడు వస్తువులను 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. నిషేధము నిలుచుటకు కొనువాడు మానవలెను, అమ్మువాడును మానవలెను. అడ్డాకు విస్తరి ఆ కొండలలోనే దొరకును; దానియందు భుజించిన గిరిజన స్త్రీకి కూలి దక్కును, నేలకు కీడు కలుగదు.

సభ్యులకు సూచనలు

యాత్రకు వెళ్లు పంచాయతీ సభ్యులు నీటిచెంబులను, గుడ్డసంచులను వెంట తీసికొనిపోవలెను. అచ్చటి సభ్యులను కలిసికొని ఈ ప్రశ్నలను అడిగి, సమాధానములను వ్రాసికొనవలెను:

1. సందర్శకుల వలన పంచాయతీకి వచ్చు రాబడి ఎంత? వారి కొరకు అగు ఖర్చు ఎంత?
2. వేసవిలో ఊటలు నిలుచుచున్నవా? వసతిగృహములకు నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది?
3. తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయు ఏర్పాటు ఏమి?
4. గ్రామసభకు స్త్రీలు ఎందరు వచ్చుచున్నారు?

థింసా నృత్యము చూచునపుడు అది కేవలము ప్రదర్శన కాదనియు, వారి పండుగలకు పెండ్లిండ్లకు చెందినదనియు గుర్తుంచుకొనవలెను. అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు, ఇండ్లలోనికి తొంగిచూడరాదు. మన ఊరికి వచ్చిన క్రొత్తవారు మనపట్ల ఎట్లు మెలగవలెనని కోరుదుమో, మనమును అట్లే మెలగవలెను.

తిరిగివచ్చిన పిదప, చూచిన సంగతులను తరువాతి గ్రామసభలో వినిపింపవలెను. ప్రతి గ్రామమునకును ఒక చెరువో, కొండో, తోపో, పాత కోవెలో ఉండనే ఉండును. దానిని చూడ నలుగురు రాకపూర్వమే దానిచుట్టునున్న నేల హద్దులను నిర్ణయించి, నీటిదారిని కాపాడి, చెత్తకు చోటు ఏర్పరచినచో పిమ్మట విచారింపవలసిన పని యుండదు. అందమును చూడ వచ్చువారు దానిని తరగనీయక వెళ్లునట్లు చేయుట పంచాయతీ చేతిలోనున్నది.