పొగ మానేందుకు ఏది దారి?

కల్వకుర్తి: తెల్లవారగానే బీడీ వెలిగించనిదే కాలు కదపలేనివారు పల్లెల్లోనూ, పట్టణంలోనూ కనిపిస్తారు. మానాలన్న కోరిక ఉన్నా, రెండు రోజులకే చిరాకు, తలనొప్పి, నిద్రలేమి మొదలై మళ్లీ అగ్గిపెట్టె వెతుక్కుంటారు. ఇది కేవలం మనోబలం లేకపోవడం కాదు. మెదడు నికోటిన్‌కు బానిస కావడమే కారణం. అయితే క్యాన్సర్‌, గుండెజబ్బులకు ప్రధాన హేతువు పొగలోని తారు, కార్బన్‌ మోనాక్సైడ్‌ వంటి విషపదార్థాలు. అందుకే పొగ లేకుండా కొద్దిపాటి నికోటిన్‌ అందిస్తూ, క్రమంగా దానినీ తగ్గించడం చికిత్సలో ఒక పద్ధతి.

ఈ-సిగరెట్‌ సంగతేమిటి?

నికోటిన్‌ ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే సాధనమిది. ఇంగ్లండులో 886 మందిపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఏడాది తర్వాత ఈ-సిగరెట్‌ వాడినవారిలో 18 శాతం, గమ్‌, ప్యాచ్‌ వంటివి వాడినవారిలో 9.9 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు. కానీ అలా మానినవారిలో ఈ-సిగరెట్‌ను ఇంకా వదలనివారు 80 శాతం. రెండో వర్గంలో ఆ మందులనే కొనసాగిస్తున్నవారు 9 శాతమే. ఒక అలవాటు పోయి మరొకటి మిగిలిందన్నమాట.

పైగా మన దేశంలో 2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, విక్రయం, ప్రకటనలను నిషేధించింది. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. దొంగచాటుగా దొరికే సరుకులో ఏముందో కొన్నవారికి తెలియదు.

గమ్‌ నమిలే తీరు

నికోటిన్‌ గమ్‌ 2, 4 మిల్లీగ్రాముల మోతాదుల్లో లభిస్తుంది. ఎక్కువ మోతాదు ఎవరికి అవసరమో వైద్యుడే నిర్ణయించాలి. దీన్ని మామూలు చూయింగ్‌గమ్‌లా ఆపకుండా నమలరాదు. ఘాటు తెలిసేవరకు మెల్లగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట చేయాలి. నికోటిన్‌ నోటి పొర ద్వారా రక్తంలో చేరుతుంది. రసం మింగితే వికారం, ఎక్కిళ్లు వస్తాయి. నమలడానికి పావుగంట ముందు నుంచి టీ, కాఫీ తాగకూడదు. సాధారణంగా మూడు నెలల్లో క్రమంగా తగ్గించి మానేయాలి. గర్భిణులు, గుండెజబ్బులున్నవారు వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

గమ్‌ ఒక ఊతకర్ర మాత్రమే. మానే తేదీ ముందే నిర్ణయించుకుని, ఇంట్లోవారికి చెప్పాలి. సలహా కోసం జాతీయ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్‌ చేయవచ్చు.