మానిన గాయం, మానని నొప్పి

సిద్దిపేట జిల్లా నారాయణరావుపేట ప్రాంతంలో వరినాట్ల కాలమంతా స్త్రీలు బురదలో నడుము వంచి, వెనుకకు జరుగుతూ నారు నాటుతారు. నాట్లు ముగిసిన కొద్ది వారాలలో నడుము నొప్పి సాధారణంగా తగ్గిపోతుంది. కొందరికి మాత్రం నెలల తరబడి వదలదు. మూడు నెలలు మించి నిలిచిన దానిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. "లోపల ఏదో అరిగింది, కదిలితే ఇంకా చెడుతుంది" అని భయపడి మంచం పట్టేవారు ఎందరో. ఈ భయంలో నిజమెంత?

17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ నొప్పిని గంటకు కట్టిన త్రాటితో పోల్చాడు. ఒక కొన లాగితే రెండవ కొన మ్రోగుతుంది. గాయమెంతో నొప్పి అంత. 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ఈ త్రాటి నడుమ, వెన్నుపాములో, ఒక ద్వారం వంటిది ఉన్నదని ప్రతిపాదించారు. అది కొన్ని సంకేతాలను వదులుతుంది, కొన్నింటిని ఆపుతుంది. మెదడు కూడా పైనుండి దానిని శాసిస్తుంది. దెబ్బ తగిలిన చోట చేతితో రుద్దుకొంటే హాయి కలిగేది ఇందువల్లనే. సిద్ధాంతపు వివరాలు తరువాత మారినవి గాని మూలభావం నిలిచినది.

దీర్ఘకాలిక నొప్పిలో పలువురికి ఈ నాడీమార్గమే అతిగా స్పందించ నేర్చుకొంటుంది. దొంగను చూచి మొరగవలసిన కుక్క ఆకు కదిలినా మొరిగినట్లన్నమాట. నిద్రలేమి, దిగులు దానిని మరింత రెచ్చగొడతాయి. నొప్పి నిజమైనదే, కల్పన కాదు. దాని వెనుక అంతటి గాయం లేదు. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా, సగానికి పైగా వ్యక్తులలో వెన్నుపూసల మధ్య బిళ్ళ ఒకటైనా ఉబ్బి ఉన్నది!

మరి మందు? నొప్పి గోలీలు ఏళ్ళ తరబడి మ్రింగితే కడుపుకు, మూత్రపిండాలకు చేటు. కదలికయే మేలు. కదిలినా కీడు జరుగలేదని నాడీమండలం మెల్లగా గ్రహిస్తుంది, కండరాలు బలపడతాయి. ఆస్ట్రేలియాలో నడుము నొప్పి నుండి కోలుకొన్న 701 మందిపై జరిగిన పరిశోధన 2024లో వెలువడినది. శిక్షణతో క్రమంగా నడిచినవారికి నొప్పి తిరిగి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టగా, మిగిలినవారికి 112 రోజులే పట్టినది.

"పొలం పని వ్యాయామం కాదా?" అని విద్యార్థి అడుగవచ్చు. మంచి ప్రశ్నే. గుత్తకు పట్టిన నాటులో గంటల కొలది ఒకే వంపు; మధ్యలో ఆగే వీలు లేదు. వ్యాయామంలో కొలత మన చేతిలో ఉంటుంది. పది నిమిషాలు నడువగలిగినవారు ఎనిమిదితో మొదలుపెట్టి, వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచాలి. నొప్పి లేని రోజున మిగిలిన పనులన్నీ ఒక్కసారిగా చేసి, మరునాడు మంచమెక్కడమే అందరూ చేసే పొరపాటు. బాగున్న రోజునా, బాగులేని రోజునా ఇంచుమించు అదే కొలత పాటించాలి.

జ్వరం, బరువు తగ్గడం, కాలు చచ్చుబడటం, మూత్రం పట్టు తప్పడం ఉంటే మాత్రం ఇది వర్తించదు. వెంటనే వైద్యుని చూడాలి. మిగిలినవారికి మొదటి వారాలలో నొప్పి అంతగా తగ్గకపోవచ్చు. ముందుగా పెరిగేది నడువగల దూరం, తరువాత నిద్ర.