సూక్ష్మజీవుల జాడ



నేను ముప్పది రెండు సంవత్సరములు బడిపిల్లలకు పాఠములు చెప్పి విరమించుకొన్నవాడను. ఇప్పుడు హైదరాబాదు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగరులో, కుమారుని యింట కాపురమున్నాను. నల్లగొండ, సూర్యాపేట త్రోవలను పట్టణమునకు వచ్చు మీలో పలువురు ఎల్.బి.నగరు చౌరస్తా వద్ద బస్సు దిగియే యుందురు. అచ్చట దిగువారిలో కొందరు బట్టలు కొనుటకును, కొందరు పిల్లల చదువులకును వత్తురు. వైద్యమునకై వచ్చువారును తక్కువ కారు. అట్లు దిగిన మా యన్నగారి సంగతితో నేటి ప్రసంగము నారంభించెదను.

2019వ సంవత్సరపు మాట. అన్నగారు సేద్యము చేసికొనువారు. మూడు మాసములుగా వారిని దగ్గు విడువలేదు. "బీడీ దగ్గు తమ్మీ, అదే పోతది" అనిరి. ఊరి మందుల దుకాణములో దొరకిన సీసాలు త్రాగిరి. నాలుగు దినములొక బిళ్లయు, మూడు దినములు మరియొక బిళ్లయు మ్రింగిరి. నేనును ఆ మాటనే నమ్మితిని. క్షయక్రిమిని 1882లో రాబర్టు కాక్ అను జర్మను వైద్యుడు కనిపెట్టెనని ఏటేట తరగతిలో చెప్పిన నాకు, ఎదుట కూర్చున్న అన్న దగ్గులో ఆ క్రిమి తోపలేదు. చెప్పుటకు సిగ్గగుచున్నది. అంగీ వదులై వ్రేలాడుట చూచి, వైద్యుని యొద్దకు గొనిపొమ్మని పట్టుబట్టినది నా భార్య.

వైద్యుడు గళ్ల పరీక్ష చేయించెను. గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూచిరి. ఏమియు కానరాలేదు. మేము సంతోషించితిమి గాని వైద్యుడు సంతోషింపలేదు. అదే గళ్లను మరియొక యంత్రపరీక్షకు పంపెను. మరునాటి మధ్యాహ్నమునకు క్షయయని తేలెను. యంత్రమునకు పట్టిన కాలము రెండు గంటలకు లోపే. తక్కినది మా వంతు వచ్చువరకు కూర్చున్న కాలము.

కంటికి తప్పిన క్రిమి యంత్రమున కెట్లు చిక్కెను? సూక్ష్మదర్శినిలో క్షయక్రిమి కనబడవలెనన్న, ఒక మిల్లీలీటరు గళ్లలో సుమారు 10,000 క్రిములైన నుండవలెను. అంతకు తక్కువయున్న చూపరి ఎంత నేర్పరియైనను తప్పిపోవచ్చును. అందుచే పూర్వము గళ్లను తగిన ఆహారముపై నుంచి, క్రిములు పెరుగువరకు వేచియుండెడివారు. ఇదియు మంచి పద్ధతియే, నేటికిని వాడుకలో నున్నది, కాని ఆలస్యము.

ఆ యాలస్యమునకు కారణము వినదగినది. బాక్టీరియా యనెడి సూక్ష్మజీవి ఒకటి రెండుగా చీలి పెరుగును. మన ప్రేగులలోనుండు ఈ. కోలై అను జాతి, ఆహారమును వెచ్చదనమును సమృద్ధిగా నున్నచో, ఇరువది నిమిషములకొక మారు చీలును. చదరంగపు గడులలో గింజలను రెట్టించిన కథ మీరెరుగుదురు గదా! ఆ లెక్కను పది గంటలలో ముప్పది మారులు రెట్టింపై ఒక్క క్రిమి 107 కోట్లకు మించును. నిన్నటి కూర వేసవిలో తెల్లవారుసరికి చెడుట ఇందువలననే. క్షయక్రిమి యట్లు కాదు, మిక్కిలి మందకొడి. ఒక్క మారు చీలుటకు దానికి ఇంచుమించు ఒక పగలును కొంత రాత్రియు పట్టును. కనుక అది కంటికి కనబడు గుంపుగా పెరుగుటకు వారములు గడచును. అంతవరకు రోగి దగ్గుచునే యుండును, ఇంటివారు ఆ గాలినే పీల్చుచుందురు.

వైరసుల సంగతి వేరు. అవి బాక్టీరియా కంటె మిక్కిలి చిన్నవి. సామాన్య సూక్ష్మదర్శినికి చిక్కవు. స్వతంత్రముగా పెరుగలేవు. జీవకణములో జొరబడి, దానిచేతనే తమ వంటి వానిని చేయించుకొనును. పడిశము, ఫ్లూ, కరోనా వీనివలన కలుగునవే. బాక్టీరియాను చంపు యాంటీబయోటిక్ మందులు వీనిపై పనిచేయవు.

శాస్త్రజ్ఞులు క్రిమిని పట్టుటకు క్రిమి విద్యనే నేర్చిరి. ప్రతి జీవిలోను దాని జాతి లక్షణములు వ్రాసియున్న డి.ఎన్.ఏ. అను పోగు కలదు. అది రెండు పేటల త్రాడు వంటిది. వేడిచేసిన పేటలు విడివడును. చల్లార్చి, తగిన ద్రవ్యములు చేర్చిన, ఒక్కొక్క పేట తన జతను కట్టుకొనును. ఒక త్రాడు రెండగును. ఈ రెట్టింపు పద్ధతిని 1983లో కారీ మల్లిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఊహించెను. ముప్పది మారులు వేడిచేసి చల్లార్చిన, ఒక పోగు 100 కోట్లకు మించును. క్రిమి వారములలో పెరుగునది, దాని పోగు గంటలో పెరుగును. వైరసులలో కొన్నింటికి ఆర్.ఎన్.ఏ. అను ఒంటిపేట పోగుండును. దానిని ముందు డి.ఎన్.ఏ.గా మార్చి పిదప రెట్టింతురు.

ఇందొక వింత కలదు. నీరు మరుగునంతటి వేడిలో, జత కట్టించు ద్రవ్యము గ్రుడ్డుసొన వలె గట్టిపడి చెడవలెను గదా! చెడని ద్రవ్యము ఒక బాక్టీరియా యొద్దనే లభించెను. అది అమెరికాలో యెల్లోస్టోన్ అనుచోట వేడినీటి బుగ్గలలో బ్రతుకునది. ఒక సూక్ష్మజీవిని పట్టుటకు మరియొకటి తోడ్పడుచున్నది.

మా యన్నగారి గళ్లను పరీక్షించిన యంత్రము ఈ జాతిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని 2010లో అంగీకరించెను. మిల్లీలీటరుకు నూట ముప్పది క్రిములున్నను అది పసికట్టగలదు. రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందునకు ఆ క్రిమి లొంగునో లేదో కూడ చెప్పును. మన దేశమున తయారైన ట్రూనాట్ అను చిన్న యంత్రము బ్యాటరీతో నడచును గనుక పల్లెల ఆసుపత్రులకును అనువైనది.

ఈ విద్య ఒక మనుష్యునికే గాక ఊరంతటికిని పనికివచ్చును. మా యింటికి చేరువనే, నాగోలులోను అంబరుపేటలోను, మురుగునీటిని శుద్ధిచేయు స్థలములు కలవు. 2020లో హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, మరియొక జాతీయ సంస్థతో కలిసి, నగరములోని ఇట్టి స్థలములలో పెక్కింటి నుండి నీరు తెచ్చి కరోనా పోగులను లెక్కించిరి. నగరమున 6 లక్షల మందికి పైగా సోకియుండవచ్చునని అంచనా వేసిరి. ఎవరి ముక్కును ముట్టకయే ఊరి వ్యాధి తెలియవచ్చెను.

అన్నగారు ఆరు మాసములు మందు తప్పక మ్రింగి కోలుకొనిరి. కాని ఆ మూడు మాసములలో వారి ప్రక్కలో పండుకొన్న తొమ్మిదేండ్ల మనుమరాలికిని క్షయ సోకినదని పరీక్షలో తేలెను. ఆ బిడ్డయు నేడు క్షేమమే. అయినను గంటలలో చెప్పగల యంత్రముండగా మేము మూడు మాసములు పోగొట్టుకొంటిమి. యంత్రమెంత వేగమైనదైనను, మనము గళ్ల ఇచ్చిన తరువాతనే గదా అది పని ప్రారంభించుట!

కావున పెద్దలారా, మీ యింటగాని, వాడలోగాని రెండు వారములు దాటిన దగ్గున్నచో, బీడీపై నెపము వేయకుడు. ప్రభుత్వ వైద్యాలయములలో గళ్ల పరీక్షయు, క్షయ మందులును ఉచితము. ఉదయమున లోతుగా దగ్గి తీసిన గళ్ల ఇయ్యవలెను, ఉమ్మి పనికిరాదు. మందు మొదలిడిన పిదప ఒడలు కుదుటపడినదని నడుమ మానరాదు. పడిశమునకు యాంటీబయోటిక్ బిళ్ల లిమ్మని దుకాణదారుని అడుగవద్దు. మీ మాట ఊరిలో చెల్లును. నేను ఆలస్యముగా తెలిసికొన్నది మీరు ముందుగా నలుగురికి చెప్పుదురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.