ఖీమా: కొనుట, నిలువచేయుట, వండుట

ఆదివారము ప్రొద్దున ఉప్పలు, నాచారము ప్రాంతములలో మాంసపు దుకాణముల ముందు జనము గుమిగూడి యుందురు. “అన్నా, అర్ధకిలో ఖీమా కొట్టు, సన్నగుండాలె” అని ఒకరు, “భాయ్, కొవ్వు తీసేసి కొట్టుండ్రి” అని మరియొకరు అడుగుచుందురు. దుకాణదారు ముక్కలను మరలో వేయును. రెండు నిమిషములలో ఖీమా సంచిలో పడును. ఆ రెండు నిమిషములలో మాంసము యొక్క ఆకారమే కాదు, స్వభావము కూడ మారుచున్నది. ముక్కగా నున్నప్పుడు మన ఏమరుపాటును కొంతవరకు సహించు మాంసము, ఖీమా యైన పిదప సహింపదు. ఎందువలన సహింపదో తెలిసికొన్నచో, దానిని కొనుట, దాచుట, వండుట యను మూడు పనులలోను ఏమి చేయవలెనో మనకే బోధపడును.

విదేశములలో ఖీమా యనగా సామాన్యముగా ఆవుమాంసపు ఖీమా. మనకు 1977వ సంవత్సరపు గోవధ నిషేధ, పశుసంరక్షణ చట్టము గోవులను, దూడలను వధించుటను నిషేధించుచున్నది. పెద్ద పశువులను వధించుటకు అధికారి ధ్రువపత్రము ఉండవలెను. కావున మన వీధులలో “పెద్దకూర” అనియు, ఉర్దూలో “బడే కా గోష్” అనియు అమ్మునది ముఖ్యముగా బర్రె, దున్నపోతుల మాంసము. ఇది మేకమాంసము కంటె చవుక. వంద గ్రాములలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉండును. కొవ్వు తక్కువ. ఇందలి ఇనుము ఆకుకూరలలోని ఇనుము కంటె సులభముగా ఒంటికి పట్టును. నాచారము పారిశ్రామికవాడలో పనిచేయు అనేక కుటుంబములకు ఇది అందుబాటులోనున్న బలమైన ఆహారము. మాంసము తినుట, మానుట ఎవరి ఇష్టము వారిది. తినువారు మాత్రము క్షేమముగా తినవలెను. ఇక్కడ చెప్పు విషయములు మేక, గొర్రె ఖీమాలకు కూడ వర్తించును.

వెలుపలిది లోపలికి పోవుట

ఆరోగ్యముగల పశువు కండరము లోపల సామాన్యముగా సూక్ష్మజీవులు ఉండవు. అవి చర్మము నుండి, ప్రేగుల నుండి, కత్తి నుండి, మొద్దు నుండి, చేతుల నుండి, ఈగల నుండి వచ్చి మాంసపు పైభాగమున చేరును. ముక్కను వేడినూనెలో వేసినప్పుడు మొదట కాలునది ఆ పైభాగమే. కావున నడుమ కొంచెము తక్కువ ఉడికినను అపాయము స్వల్పము. మరలో వేసినప్పుడు పైభాగము లోపలికి పోయి అంతటను కలిసిపోవును.

చిన్న లెక్క చూడుడు. ప్రక్కకు 10 సెంటీమీటర్లున్న ఘనాకారపు ముక్క ఇంచుమించు ఒక కిలో తూగును. దాని పైభాగ వైశాల్యము 600 చదరపు సెంటీమీటర్లు. దానిని అర సెంటీమీటరు ప్రక్కగల తునకలుగా కోసినచో 8,000 తునకలు ఏర్పడును. వాని మొత్తము వైశాల్యము 12,000 చదరపు సెంటీమీటర్లు, అనగా ఇరువది రెట్లు. పైగా కండరపు కణములు చిట్లి రసము వెలువడును. సూక్ష్మజీవులకు అంతకు మించిన విందు లేదు. ఒక చెడ్డ ముక్క మరలో పడినచో తక్కిన ఖీమా యంతయు చెడును. మరలో మిగిలినది తరువాత వచ్చినవారి ఖీమాలో చేరును.

ఇది కేవలము ఊహ కాదు. 1982లో అమెరికాలో సరిగా ఉడకని ఖీమా బిళ్ళలను తిన్నవారికి రక్తవిరేచనములు కలుగగా, పరిశోధకులు ఈ. కోలై ఓ157 అను సూక్ష్మజీవి దీనికి కారణమని కనుగొనిరి. ఆవులు, గేదెలు మొదలగు నెమరువేయు జంతువుల ప్రేగులలో ఇది వానికి బాధ కలిగింపకయే నివసింపగలదు. 1993లో ఆ దేశపు పశ్చిమ రాష్ట్రములలో ఇదే కారణముచేత ఏడువందల మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. ఈ జీవి విడుదలచేయు విషము చిన్నపిల్లల మూత్రపిండములను దెబ్బతీయును. వంద కంటె తక్కువ జీవులు కడుపులో పడినను చాలును.

కొనునప్పుడు

ముందుగా కొట్టి కుప్పపోసిన ఖీమాను కొనరాదు. ముక్కను చూచి యెంచుకొని, ఎదుట నిలిచి కొట్టించుకొనవలెను. మర శుభ్రముగా నున్నదా, మొద్దుపై ఈగలు ముసరుచున్నవా, మాంసము ఎండలో వ్రేలాడుచున్నదా యని చూడవలెను. పశువైద్యుడు పరీక్షించిన మాంసముపై ముద్ర ఉండును. దుకాణమునకు ఆహార భద్రతా లైసెన్సు ఉండవలెను. ఈ రెండింటిని గూర్చి అడుగుటకు మొగమాటపడరాదు. ఉప్పలుకు సమీపముననే, చెంగిచెర్లలో, మాంసమును గూర్చి పరిశోధించు జాతీయ సంస్థ ఉన్నది. 1999లో స్థాపింపబడిన ఈ సంస్థ శుభ్రమైన మాంసోత్పత్తిలో శిక్షణ ఇచ్చుటయే కాక, ఒక మాంసము ఏ జంతువుదో డి.ఎన్.ఏ. పరీక్షచే తేల్చగలదు.

రంగును గూర్చి రెండు మాటలు. బర్రెమాంసము ముదురు ఎరుపు. దాని కొవ్వు తెలుపు. కండరములోని మయోగ్లోబిను అను పదార్థము గాలి తగిలినప్పుడు నిగనిగలాడు ఎరుపుగాను, గాలి చాలనప్పుడు ఊదాగాను, కాలము గడచినకొలది గోధుమరంగుగాను మారును. కావున ఖీమా ముద్ద నడుమ నల్లబారినంత మాత్రమున చెడినట్లు కాదు. జిగురు, పులిసిన వాసన చెడినదానికి గుర్తులు. అయితే రోగము కలిగించు జీవులు వాసనను గాని రంగును గాని మార్చకయే ఉండవచ్చును. ముక్కు మెచ్చినదంతయు క్షేమము కాదు.

ఖీమాను అన్ని సరకుల కంటె చివర కొనవలెను. అనుకూలమైన వెచ్చదనములో సూక్ష్మజీవులు 20 నిమిషములకు ఒకమారు రెట్టింపగును. రెండు గంటలలో ఒకటి 64 అగును. నాలుగు గంటలలో 4,096 అగును. ఎండ 32 డిగ్రీలు దాటిన దినములలో పచ్చి ఖీమాను బయట ఒక గంటకు మించి ఉంచరాదు. హైదరాబాదు వేసవిలో ఈ గడువు చాల ముఖ్యము. ఇల్లు దూరమైనచో సంచిలో మంచుగడ్డ పెట్టుకొనుట మంచిది.

దాచునప్పుడు

రిఫ్రిజిరేటరులో 4 డిగ్రీల సెంటిగ్రేడు గాని అంతకు తక్కువ గాని ఉండవలెను. అందులో ఖీమా ఒకటి రెండు దినములు మాత్రమే నిలుచును. చల్లదనము సూక్ష్మజీవులను చంపదు. వాని పెరుగుదలను మందగింపజేయును. గిన్నెకు మూతపెట్టి, రసము కూరగాయలపై కారకుండ అడుగు అరలో ఉంచవలెను.

ఇంకను ఎక్కువ దినములు ఉంచదలచినచో ఫ్రీజరులో మైనస్ 18 డిగ్రీల వద్ద ఉంచవలెను. మూడు నాలుగు నెలల వరకు రుచి చెడదు. ఖీమాను ఉండగా కాక, అప్పడము వలె పలుచగా పరచి, ఒక పూటకు సరిపడు పొట్లములుగా కట్టవలెను. మందపు ముద్ద నడుమకు చలి చేరుటకు చాల సేపు పట్టును. మందము సగమైనచో ఆ కాలము సగము కంటె బాగుగా తగ్గును. మంచు కరగించునప్పుడును ఇదే లాభము. కరగించుటకు ముందురాత్రి క్రింది అరలోనికి మార్చవలెను. పొయ్యిగట్టుపై వదలినచో నడుమ గడ్డకట్టి యుండగనే పైభాగము వెచ్చనై సూక్ష్మజీవులు పెరుగును.

అనేక గృహములలో ఖీమాను జల్లెడలో వేసి కొళాయి క్రింద కడుగుట వాడుక. దీనివలన సూక్ష్మజీవులు పోవు. తుంపరలతో గిన్నెలకు, కూరగాయలకు ప్రాకును. మాంసరసములోని పోషకములు కూడ కొన్ని కొట్టుకొనిపోవును. కడుగవలసినవి చేతులు, కత్తి, పీట, అదియు సబ్బుతో.

వండునప్పుడు

ఖీమా నడుమ వేడి 71 డిగ్రీలకు చేరినచో పైన చెప్పిన జీవులు చచ్చును. జ్వరము చూచు థర్మామీటరు ఇందుకు పనికిరాదు. వంటకు వేరుగా సూదిమొన గలది దొరకును. రంగును నమ్మరాదు. కొన్నిమారులు 71 డిగ్రీలకు చాల ముందే ఖీమా గోధుమరంగునకు మారును. కొన్నిమారులు ఆ వేడి దాటినను ఎరుపు పోదు.

మన వంటలలో ఏది నిరపాయము, ఏది కాదు? పొడిపొడిగా వేయించి, నీరుపోసి ఉడికించు ఖీమా కూరలో ప్రతి తునకకు వేడి తగులును. ప్రెషరు కుక్కరులో వేడి సుమారు 120 డిగ్రీలకు చేరును. శామీ కబాబునకు ఖీమాను సెనగపప్పుతో ముందే ఉడికించి, నూరి, పిదప వేయింతురు. కావున రెండుమారులు వేడి తగులును. జాగ్రత్త పడవలసినవి పచ్చి ఖీమాతో చేయు కోఫ్తాలు, సీఖు కబాబులు. బొగ్గులపై వెలుపల మాడినను లోపల పచ్చిగా ఉండవచ్చును. వీనిని చిన్నవిగా, సన్ననివిగా చేయవలెను. కోఫ్తాలను మరుగుచున్న పులుసులో బాగుగా ఉడుకనీయవలెను. పచ్చి ఖీమా ఉప్పు చూచుటకు నాలుకపై వేసికొనరాదు. పెరుగు, నిమ్మరసము, పసుపు, మిరియములు రుచిని ఇచ్చును గాని వేడి చేయు పనిని చేయవు.

ముదురు పశువు మాంసము గట్టిగా ఉండుటకు కారణము కొల్లాజెను అను బంధక పదార్థము. తడివేడిమిలో చాలసేపు ఉడికినచో అది జెలాటినుగా మారి మెత్తబడును. పచ్చి బొప్పాయిలోని పపైను కూడ కండరమును మెత్తపరచును. ఖీమాకు ఇది కొంచెమే చాలును. ఎక్కువైనచో ముద్ద జావయగును.

వండిన పిదప కూడ పని మిగిలియున్నది. కొన్ని సూక్ష్మజీవుల బీజములు ఉడికినను చావవు. కూర గోరువెచ్చగా నిలిచినప్పుడు మొలకెత్తి పెరుగును. చేతి పుండ్ల నుండి చేరు మరికొన్ని జీవులు విడుచు విషము మరల కాచినను విరుగదు. కావున మిగిలిన కూరను వెడల్పు గిన్నెలలో పలుచగా పోసి, రెండు గంటలలోగా చల్లని అరలో పెట్టి, తినునప్పుడు పొగలు వచ్చునట్లు కాచవలెను.

పిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంటిలో ఈ నియమములను మరింత శ్రద్ధతో పాటింపవలెను. వీనికి ఖర్చు లేదు. ఎదుట కొట్టించుకొనుట, వెంటనే చల్లపరచుట, నడుమ వరకు ఉడికించుట: ఈ మూడింటిని మరువనివారికి ఖీమా రుచిని, బలమును ఇచ్చును.