స్వెట్టర్ జేబు మీద పువ్వు ఎందుకు చెదరదు?

ధనుర్మాసం చలికి అల్లవరంలో కూడా స్వెట్టర్లు బయటికొస్తాయి. పువ్వుల స్వెట్టర్ ఉంటే దగ్గరగా చూడండి. బాగా అల్లినదైతే పువ్వుల వరుస జేబు దగ్గర తెగదు, జేబు మీదుగా అలాగే సాగిపోతుంది. జేబు విడిగా అల్లి కుట్టిందే కదా, మరి ఇదెలా?

నేసిన బట్టలోలా స్వెట్టర్‌కి పడుగూ పేకా ఉండవు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోవడమే. వశిష్ఠ గోదావరి అవతల నరసాపురంలో లేసు అల్లే అమ్మలు చేసేదీ ఉచ్చుల పనే, కాకపోతే ఒక్క కొక్కెం సూదితో. స్వెట్టర్ అల్లే యంత్రంలో అలాంటి కొక్కేలు బారుగా ఉంటాయి, ఇంట్లో వాడే రకంలో దాదాపు 200. ఇంగ్లండులో విలియం లీ 1589లోనే మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు.

పువ్వు సంగతి యంత్రంలో పెట్టే చిల్లుల అట్ట చూసుకుంటుంది. చిల్లు ఉన్నచోట కొక్కెం రెండో రంగు నూలు అందుకుంటుంది, లేనిచోట మొదటి రంగు. చాలా యంత్రాల్లో బొమ్మ 24 ఉచ్చులకోసారి మళ్లీ వస్తుంది.

చుక్కల ముగ్గులో ఒక్క చుక్క పక్కకి జరిగితే పద్మం వంకర పోతుంది కదా, ఇక్కడా అంతే! జేబు స్వెట్టర్ మీద ఏ వరుసలో మొదలవుతుందో అట్టను ఆ వరుసకే తిప్పాలి. అవే కొక్కేల మీద, అదే నూలుతో, అదే బిగువులో అల్లాలి. బిగువు కాస్త సడలినా పువ్వు పెద్దదైపోతుంది.

జేబు లోపల మాత్రం పువ్వులుండవు. వాడని రంగు నూలు వెనకవైపు పోగులుగా వేలాడుతుంది, చెయ్యి పెడితే వేళ్లకు తగులుకుంటుంది. అందుకే లోపలికి సాదా ముక్క వేస్తారు.