జైలు కంప్యూటర్ లెక్కపెట్టాల్సిన రోజులు

2022 చివరికి దేశంలోని 1,330 జైళ్లలో చోటున్నది 4,36,266 మందికి. ఉన్నది 5,73,220 మంది. వంద మంది పట్టే చోట 131 మంది అన్నమాట. వీరిలో 4,34,302 మంది, అంటే నూటికి దాదాపు 76 మంది, నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలే. జాతీయ నేర గణాంక సంస్థ చెప్పిన లెక్కలివి.

ఈ అంకెల్లోనే ఇంకో సంగతి ఉంది. జైళ్లన్నిటిలో విచారణ ఖైదీలను మాత్రమే ఉంచినా మిగిలేది 1,964 మందికి చోటు. అందుకే ఎన్ని కొత్త బ్యారక్‌లు కట్టాలన్న ప్రశ్న కంటే, ఎవరు ఏ తేదీకి బయటికి రావాలన్నది ముఖ్యం. అది రోజుల లెక్క. సాఫ్ట్‌వేర్ అక్కరకొచ్చేది అక్కడే.

జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) తయారుచేసిన ‘ఈ-ప్రిజన్స్’లో ఖైదీ ఫొటో, కేసు నంబరు, సెక్షన్లు, రిమాండు తేదీ, వాయిదాలు, ములాఖత్‌లు నమోదవుతాయి. పోలీసు, కోర్టు రికార్డులతోనూ దీన్ని అనుసంధానిస్తున్నారు.

మూడో వంతు లెక్క

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గతంలో ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే బెయిలుకు అర్హుడు. మిగతావారికి సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సాధారణ దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. గతంలో శిక్ష పడనివాడికి ఏడాది, వేరే నేరంలో శిక్ష పడినవాడికి ఏడాదిన్నర. ఒక్కడి లెక్క వేళ్ల మీద తేలిపోతుంది. వందల మందికి, రోజూ వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఉండే జైల్లో, రిజిస్టర్లు తిరగేసి తేల్చడం కష్టం.

చిక్కు మరోచోట ఉంది. ఒకటికి మించి కేసులుంటే ఈ వెసులుబాటు లేదు. ఒక స్టేషన్‌లో ‘శ్రీను’గా, ఇంకో స్టేషన్‌లో ‘శ్రీనివాసరావు’గా నమోదైనవాడు ఒక్కడేనా కాదా అన్నది తేలాలి. మరో కేసులో హాజరుపరచాలంటూ వేరే ఊరి నుంచి పీటీ వారెంటు వచ్చి ఉందేమో చూడాలి. నమోదు తప్పైతే కంప్యూటర్ లెక్కా తప్పుతుంది.

బెయిలొచ్చాక కూడా

2021 జులై 8న సుప్రీంకోర్టు బెయిలిచ్చిన 13 మంది ఖైదీలు నాలుగు రోజులైనా ఆగ్రా జైలు దాటలేదు. ఉత్తర్వు ప్రతి పోస్టులో రాలేదని అధికారుల జవాబు. ఆ తర్వాతే, 2022 మార్చి 31న, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ ఉత్తర్వులను ఆన్‌లైన్‌లో పంపే ‘ఫాస్టర్’ను ప్రారంభించారు.

ఆన్‌లైన్‌లో పంపితే సరిపోదని గుజరాత్ చూపించింది. అక్కడ 2020లో బెయిలొచ్చిన ఖైదీ 2023 దాకా లోపలే ఉన్నాడు. ఈమెయిల్ వచ్చింది కానీ, జతచేసిన ఫైలు తెరవలేకపోయామన్నారు జైలు అధికారులు. అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని హైకోర్టు ఆదేశించింది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు సరిగ్గా ఈ లోపానికే మందు. బెయిలిచ్చిన తేదీని ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి. ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. ఆ సమాచారం ఈమెయిల్‌గా సాఫ్ట్‌వేర్ నుంచి దానంతటదే వెళ్లే ఏర్పాటుకు ఎన్‌ఐసీ ప్రయత్నించాలి. పూచీకత్తు కట్టలేక ఆగిపోయినవాళ్ల సంగతి అప్పుడు పైకి తెలుస్తుంది.

కాబట్టి ఎన్ని జైళ్లకు కంప్యూటర్లు వచ్చాయన్న అంకెతో తృప్తిపడకూడదు. గడువు నిండిన ఎన్ని రోజులకు దరఖాస్తు కోర్టుకు వెళ్లింది? బెయిలొచ్చిన ఎన్ని రోజులకు మనిషి బయటికొచ్చాడు? ప్రతి జైలూ ఈ రెండు అంకెలను నెలనెలా ప్రకటించాలి.